అక్షర క్రమం, అర్థ సంబంధం: ఇంగ్లీషు నిఘంటువుల చరిత్ర

ఇంగ్లీషు నిఘంటువులో కల్నల్, కాలనీ, కాలమ్ అనే మాటలు ఒకదాని వెంట ఒకటి, దగ్గరదగ్గరగానే వస్తాయి. మూడూ సి, ఓ, ఎల్ అక్షరాలతో మొదలవుతాయి. కాబట్టి మూడింటికీ మూలం ఒకటేనని అనుకోవచ్చా?

పరిశీలించండి. కాలమ్ అంటే స్తంభం. దీని మూలం లాటిన్‌లోని ‘కొలుమ్నా’. స్తంభంలా బారులు తీరిన సేనాదళానికి నాయకుడు కల్నల్. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చిన ఈ మాటకూ మూలం అదే. కాలనీ మాత్రం వేరు. లాటిన్‌లో ‘కొలోనుస్’ అంటే సేద్యగాడు. రోమన్లు జయించిన ప్రాంతాల్లో తమవారికి భూములిచ్చి నెలకొల్పిన స్థావరం ‘కొలోనియా’. అదే తర్వాత మన చరిత్ర పాఠాల్లో వలసరాజ్యమైంది, మన పట్టణాల్లో ఇళ్ల సముదాయమైంది. అంటే ఇద్దరు బంధువుల మధ్య ఒక పరాయివాడు కూర్చున్నాడన్నమాట.

అక్షర క్రమం స్పెల్లింగును చూస్తుందే గాని చుట్టరికాన్ని చూడదు. మన అమరకోశం పద్ధతి ఇందుకు భిన్నం. అందులో పదాలు అర్థాన్ని బట్టి వర్గాలుగా ఉంటాయి. అయితే కావలసిన మాట దొరకాలంటే శ్లోకాలు కంఠస్థం కావాలి. అందుకు గురువు కావాలి.

1604లో రాబర్ట్ కాడ్రే లండన్‌లో ‘టేబుల్ ఆల్ఫబెటికల్’ ప్రచురించాడు. సుమారు 2,500 కఠిన పదాలున్న ఈ గ్రంథాన్ని ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థాలిచ్చిన తొలి నిఘంటువుగా పరిగణిస్తారు. పెద్ద చదువులకు అవకాశం లేని స్త్రీల కోసం, ఇతరుల కోసం దీన్ని రాసినట్లు ముఖపత్రంలోనే ఉంది. ‘ఎ’తో మొదలయ్యే మాటను పుస్తకం మొదట్లో వెతకాలని కూడా ఆయన వివరించవలసి వచ్చింది! అక్షర క్రమం అప్పటి పాఠకులకు అంత కొత్త.

1755లో శామ్యూల్ జాన్సన్ రచయితల ప్రయోగాలను ఉదాహరిస్తూ సుమారు 40,000 పదాలతో నిఘంటువు వెలువరించాడు. 1884లో తొలి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ప్రతి పదం చరిత్రనూ కాలక్రమంలో చూపింది. అక్షర క్రమం తెంచిన చుట్టరికాన్ని పద చరిత్ర తిరిగి కలిపింది.

పక్కన అధ్యాపకుడు లేకుండా చదువుకునే మీకు కాడ్రే చూపిన దారి ఎంతో అవసరం. కాని మాట దొరకగానే నిఘంటువు మూసేయకండి. దాని పుట్టుక కూడా చదవండి. ‘కాలనీ’ అన్న మాట వెనుక ఎవరి భూమిని ఎవరు దున్నారన్న ప్రశ్న ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: అక్షర క్రమం వల్ల పాఠకునికి కలిగిన మేలేమిటి? మరుగున పడినదేమిటి?