ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం: పరిశోధన నిధులు

కోరాపుట్ జిల్లా సునాబెడలోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల ప్రాజెక్టులకు, పరిశోధక విద్యార్థులకు లభించే ఆర్థిక సహాయమే పరిశోధన నిధులు. 2009 కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టంతో ఏర్పడిన ఈ సంస్థకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిధులు అందిస్తుంది. సామాజిక శాస్త్రాలకు 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్), విజ్ఞాన శాస్త్రాలకు 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ప్రతిపాదనలు ఆహ్వానిస్తాయి. గిరిజన జనాభా అధికంగా ఉన్న కోరాపుట్, రాయగడ జిల్లాలకు కీలకమైనది షెడ్యూల్డ్ తెగల పరిశోధకులకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ దేశవ్యాప్తంగా ఏటా ఇచ్చే 750 ఫెలోషిప్‌ల పథకం. యూజీసీ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి 1 నుంచి నెలకు రూ.37,000. ప్రాజెక్టు దరఖాస్తులో అంశం, పరిశోధన పద్ధతి, కాలవ్యవధి, ఖర్చుల అంచనా చూపి, విశ్వవిద్యాలయ ఆమోదంతో పంపాలి. సొమ్ము విడతలుగా వస్తుంది. వినియోగ ధ్రువపత్రం సమర్పించాకే తరువాతి విడత విడుదలవుతుంది.