పాదరసం చెప్పిన పాఠం

శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ప్రతి పౌరుని విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది. 1976లో 42వ సవరణ ద్వారా ఈ వాక్యం అందులో చేరింది. ప్రశ్నించినవారు చెరసాలల్లో ఉన్న అత్యవసర పరిస్థితి కాలంలోనే జిజ్ఞాస పౌరధర్మం కావడం మన చరిత్రలోని ఒక వైచిత్రి. అయితే ఆ దృక్పథం ఈ దేశానికి సవరణతో వచ్చింది కాదు. దానికి సరిగ్గా ఎనభై ఏళ్ల ముందే, 1896లో, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ప్రయోగశాల నుంచి వెలువడిన ఒక పరిశోధన పత్రం అందుకు సాక్ష్యం.

ఆ పత్రకర్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్. నేటి బంగ్లాదేశ్‌లోని రాడులి గ్రామంలో 1861లో జన్మించారు. ఎడింబరోలో డాక్టరేట్ పొంది వచ్చినా, భారతీయుడు కావడంతో ఉన్నత విద్యాసర్వీసు తలుపులు ఆయనకు తెరుచుకోలేదు. నెలకు 250 రూపాయల జీతంతో తాత్కాలిక అధ్యాపకునిగానే చేరవలసి వచ్చింది.

ఒకనాడు ఆయన పాదరసంపై నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లాన్ని పోసి మెర్క్యురస్ నైట్రేట్ తయారు చేయబోయారు. పాత్రలో పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడ్డాయి. అవి క్షారగుణం గల లవణమేమోనని తొలుత అనిపించింది. కానీ అంతటి ఆమ్ల ద్రావణంలో అటువంటి లవణం ఏర్పడటం అనుభవానికి విరుద్ధం. కనుక తొలి ఊహను పక్కనబెట్టి పరీక్షించారు. అది మెర్క్యురస్ నైట్రైట్ అని తేలింది. ఫలితాన్ని, తయారుచేసే పద్ధతిని ప్రకటించారు. చూడటం, ఊహించడం, ఆ ఊహనే శంకించడం, పరీక్షించడం, ఇతరులు సరిచూసుకునేలా వెల్లడించడం: శాస్త్రీయ పద్ధతి అంతా ఇంతే. ఇందులో గురువు మాటకు గాని, గ్రంథం మాటకు గాని మినహాయింపు లేదు.

ఇదే కొలబద్దతో రాయ్ గతాన్నీ కొలిచారు. ఆయన రచించిన హిందూ రసాయన శాస్త్ర చరిత్ర తొలి సంపుటం 1902లో వెలువడింది. రసార్ణవం, రసరత్న సముచ్చయం వంటి సంస్కృత గ్రంథాల్లోని బట్టీలను, మూసలను, లోహశుద్ధి ప్రక్రియలను అందులో సవివరంగా పరిచయం చేశారు. విన్నవీ చదివినవీ విడిచిపెట్టి, స్వయంగా చేసి చూసినవే రాశానని చెప్పుకున్న రసేంద్ర చింతామణి కర్తను ప్రత్యేకంగా గుర్తుచేశారు. ఆ గ్రంథాల్లో వర్ణితమైన యశద స్వేదనానికి రాజస్థాన్‌లోని జావర్‌లో బయటపడిన ప్రాచీన బట్టీలు భౌతిక సాక్ష్యం. గర్వించదగిన వారసత్వం ఇది. ఆధారంతో నిలిచిన వారసత్వం.

మరి అంతటి విద్య ఎందుకు అడుగంటింది? పరాయి పాలనలో మగ్గుతున్న జాతికి నెపం పరాయివాడిపై నెట్టడం సులువు. బ్రిటిష్ పాలనను విద్యార్థి దశలోనే ఘాటుగా విమర్శించిన రాయ్, ఆ సులువైన దారి తొక్కలేదు. కులవ్యవస్థ బిగుసుకోవడంతో చేతిపనులు నిమ్నకులాల పాలయ్యాయని, చదువుకున్నవారు వాటికి దూరమయ్యారని, ఎలా, ఎందుకు అని అడిగే బుద్ధి ఆ విధంగా నశించిందని తేల్చారు. శవాన్ని తాకడం మైలగా మారాక శరీరశాస్త్రం ఎండిపోయిందని, జగత్తు మిథ్య అన్న బోధ భౌతిక ప్రపంచంపై ఆసక్తిని చంపిందని కూడా రాశారు.

ఆ నిర్ధారణను ఆచరణలోనూ చూపారు. 1892లో 700 రూపాయల పెట్టుబడితో బెంగాల్ కెమికల్స్‌కు పునాది వేసినప్పుడు, కసాయి దుకాణాల నుంచి తెచ్చిన ఎముకలను కాల్చి భాస్వర లవణాలు తయారుచేశారు. తలకూ చేతికీ మధ్య సమాజం కట్టిన గోడను కూల్చడమే అది.

నేడు రాయ్ గ్రంథంలోని రసవాదుల ఘనతను వేదికలపై చాటడం తేలిక. అదే గ్రంథంలోని క్షీణత అధ్యాయాన్ని చదవడం కష్టం. పురాణకల్పనలను ఆవిష్కరణలుగా ప్రకటించేవారు నిజమైన ఆవిష్కర్తలను, మూసల ముందు చెమటోడ్చిన పేరులేని పనివారిని, మరుగున పడేస్తున్నారు. దేశభక్తికీ సత్యనిష్ఠకూ వైరం లేదని ఆచార్య రాయ్ జీవితం చెబుతోంది. పసుపు స్ఫటికాలను చూసి తన తొలి ఊహనే అనుమానించిన ఆ క్రమశిక్షణ ప్రజాజీవితంలోకి వచ్చిననాడే 51ఎ అధికరణంలోని ఆ వాక్యానికి ప్రాణం వస్తుంది.