హిల్డెబ్రాండ్ భార్య పేరేమిటి?

వీరుల పాటల్లో స్త్రీలు ఎక్కడున్నారని వెతకడం మనకి కొత్తేమీ కాదు. పురాణాల్లో వెతికాం, పల్నాటి కథలో వెతికాం. ఈసారి నేను వెతికిన చోటు కొంచెం దూరం. జర్మనీ నడిమధ్యన ఉన్న థురింగియా రాష్ట్రంలో 1995లో పుట్టిన 'మెన్హిర్' అనే పేగన్ మెటల్ బృందం పాటలు. హోరెత్తే ఎలక్ట్రిక్ గిటార్లు, గొంతు చీరుకుపోయేలా అరిచే మగవాళ్లు, కత్తులు, డాళ్లు, అడవులు. ఇందులో మనకేం పని అని అడగొచ్చు. ఈ బృందం 2007లో పాడిన ఒక పాటకి దాదాపు 1200 ఏళ్లు. జర్మన్ సాహిత్య చరిత్ర పుస్తకాలు తొలి పేజీల్లోనే దాన్ని తలుచుకుంటాయి. ఆ పాటలో ఒక స్త్రీ ఉంది. ఒక్క వాక్యంలో ఉంది. ఆమెకి పేరు లేదు. మనకి పని ఉన్నది అక్కడే.

క్రైస్తవానికి ముందటి యూరప్ దేవతలనీ గాథలనీ హెవీ మెటల్లోకి తెచ్చుకున్న ధోరణిని పేగన్ మెటల్ అంటారు. స్వీడన్ బృందం బాథరీ 1990లో తెచ్చిన 'హామర్‌హార్ట్' ఆల్బమ్ దీనికి దారి వేసిన వాటిలో ముఖ్యమైనది. ఆ తర్వాతి పదేళ్లలో ఎక్కడివాళ్లు అక్కడి దేవుళ్లనీ, అక్కడి కొండల్నీ పాడుకోవడం మొదలుపెట్టారు. మెన్హిర్ అనేది బ్రెటన్ భాషలోంచి వచ్చిన మాట. నిలువుగా పాతిన పెద్ద రాయి అని అర్థం. కృష్ణ ఒడ్డున మన ముడుమాల్‌లో నిలబడి ఉన్నవి అలాంటివే. బృందం మొదటి ఆల్బమ్ 1997లో వచ్చింది. దాని పేరుకి 'శాశ్వత శిలలు' అని అర్థం. 1998లో 'బుకోనియా', 1999లో 'థురింగియా', 2001లో 'జియువారి', 2007లో 'హిల్డెబ్రాండ్స్‌లీడ్', అంటే హిల్డెబ్రాండ్ పాట. బుకోనియా ఒక అడవి పేరు. జియు పాత జర్మన్ల యుద్ధదేవుడు. వరసగా చూడండి: రాయి, అడవి, దేశం, యుద్ధదేవుడు, వీరుడు. జర్మన్లు తమ దేశాన్ని తండ్రిభూమి అంటారు. ఆ మాటకి ఇంతకన్నా పొందికైన విషయసూచిక దొరకదు.

ఈ పేర్లు అమాయకంగా మిగిలి ఉన్న నేల కాదది. నాజీ పార్టీకి ఒక జర్మన్ రాష్ట్ర ప్రభుత్వంలో మొట్టమొదటి మంత్రి పదవి దక్కింది 1930లో, థురింగియాలోనే. బుకోనియా అంటే బీచ్ చెట్ల అడవి. 1937లో వైమార్ పక్కన కట్టిన నిర్బంధ శిబిరం పేరు బూకెన్‌వాల్డ్. ఆ మాటకీ బీచ్ చెట్ల అడవి అనే అర్థం. రెండూ వేరు వేరు చోట్లు, కానీ చెవికి ఆ తేడా అంత తేలిగ్గా అందదు. 1993లో ఇదే రాష్ట్రంలో ఒక బ్లాక్ మెటల్ బృందంలోని కుర్రాళ్లు తమ తోటి కుర్రాణ్ణి చంపారు. తర్వాత ఆ బృందం పేరు నయా నాజీ సంగీతానికి గుర్తుగా మారింది. ఆ నేరానికీ మెన్హిర్‌కీ సంబంధం లేదు. అయితే పూర్వీకుల గురించి పాడే ఏ గొంతునైనా, ఏ పూర్వీకులు, ఎవరి పూర్వీకులు అని అడగకుండా వినే వీలు మాత్రం అక్కడ లేదు. ఆ ప్రశ్నకి మనం ఇంకోటి కలపాలి. పూర్వీకులు అన్నప్పుడు ఆడవాళ్లు లెక్కలోకి వస్తారా?

'థురింగియా' అన్న పేరుతోనే మొదలుపెడదాం. 531లో ఫ్రాంకుల చేతిలో పాత థురింగియా రాజ్యం కూలిపోయింది. ఆ యుద్ధంలో రాజవంశపు పిల్ల రాడెగుండ్ బందీ అయింది. గెలిచిన రాజుల్లో ఒకడైన క్లోథార్ ఆమెని పెంచి పెద్దచేసి పెళ్లాడాడు. తర్వాత ఆమె తమ్ముణ్ణి చంపించాడు. ఆమె అతన్ని విడిచి వెళ్లి, పొయటియేలో స్త్రీల మఠం స్థాపించి, 587లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయింది. థురింగియా పతనం గురించి లాటిన్లో ఒక కావ్యం మిగిలింది. అది పూర్తిగా రాడెగుండ్ గొంతుతో సాగుతుంది. కూలిన కోట, కాలిన ఇళ్లు, ఈడ్చుకుపోయిన ఆడవాళ్లు, దూరాన కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న చిన్నాన్న కొడుకు అమలాఫ్రిడ్ మీద బెంగ. ఆమె మిత్రుడైన కవి ఫోర్చునాటస్ రాశాడని చాలాకాలం చెప్పుకున్నారు. ఆమె చెయ్యి కూడా ఉందని వాదించే పరిశోధకులున్నారు. ఎవరు రాసినా, ఆ దేశం కోసం ఏడ్చిన తొలి కావ్యం ఒక స్త్రీ గొంతుతో ఏడ్చింది. తండ్రిభూమిని పాడుకునేవాళ్లకి వారసత్వంగా దక్కాల్సిన మొదటి గొంతు అది.

ఇక హిల్డెబ్రాండ్ పాట. 830 ప్రాంతంలో ఫుల్డా మఠంలో ఇద్దరు లేఖకులు దీన్ని రాశారు. 744లో ఆ మఠం వెలిసింది బుకోనియా అడవిలోనే. బైబిలు జ్ఞానగ్రంథాలున్న ఒక తోలుప్రతిలో మొదటి పుటా చివరి పుటా ఖాళీగా ఉంటే, అక్కడ 68 పాదాలు రాసిపెట్టారు. పాటలో తండ్రి పిలిచేది కూడా పరలోకంలోని దేవుణ్ణే. క్రైస్తవానికి ముందటి గొంతు అని మెటల్ బృందాలు ప్రేమించే పాటని మనదాకా తెచ్చింది క్రైస్తవ సన్యాసులు! 1812లో గ్రిమ్ సోదరులు దీన్ని పద్యంగా గుర్తించి ప్రచురించారు. 1945లో యుద్ధపు గందరగోళంలో ప్రతి దొంగతనమై అమెరికా చేరింది. చివరి పుటతో ఉన్న పుస్తకం 1955లో, కత్తిరించి వేరుచేసిన మొదటి పుట 1972లో కాసెల్ నగరానికి తిరిగి వచ్చాయి. ఒక పాట ఇన్ని చేతులు మారింది. వాటిలో ఏ చేతికీ 'ఇదే మా అచ్చమైన పూర్వం' అనే హక్కు లేదు.

కథ చిన్నది. శత్రువు ఒడోవాకర్‌కి భయపడి హిల్డెబ్రాండ్ తన ప్రభువు డీట్రిక్ వెంట తూర్పుకి పారిపోయాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత సైన్యంతో తిరిగొస్తే, ఎదుటి సైన్యం ముందు నిలబడి ఉన్నది కొడుకు హడుబ్రాండ్. నువ్వు ఎవరి కొడుకువని తండ్రి అడుగుతాడు. కొడుకు తండ్రి పేరు గర్వంగా చెప్తాడు. ఇంట్లో భార్యనీ, ఎదగని బిడ్డనీ, వారసత్వం కూడా లేకుండా వదిలి వెళ్లాడని చెప్తాడు. ఆమె ప్రస్తావన అంతే. నేనే నీ తండ్రినంటే కొడుకు నమ్మడు. ఇస్తానన్న బంగారు కడియాలు తీసుకోడు. ముసలి హూణుడా, మోసం చేస్తున్నావంటాడు. యుద్ధం మొదలవుతుంది. డాళ్లు విరుగుతుండగా తోలుపత్రం మీద చోటు అయిపోయి పాట తెగిపోతుంది. కొడుకు చనిపోయాడని తర్వాతి నార్స్ గాథల్ని బట్టి ఊహిస్తారు.

నేను వీరగాథల మీద పనిచేస్తున్న రోజుల్లో ఈ పాదాల్ని చాలాసార్లు చదివాను. తండ్రీకొడుకుల కంటే నన్ను ఆపింది ఇంకో చిన్న మాట. తండ్రి గురించి నీకెవరు చెప్పారంటే, మా జాతిలో పూర్వం ఉండిన వృద్ధులు, తెలివైనవాళ్లు చెప్పారంటాడు కొడుకు. పెంచిన తల్లి ఊసే లేదు. ముప్ఫై ఏళ్లు లేని మనిషిని ఆ ఇంట్లో కథగా బతికించింది ఎవరయి ఉంటారు? ఆ జ్ఞాపకాన్ని కూడా ఆమె ఖాతాలోంచి తీసి పెద్దమనుషుల ఖాతాలో వేశారు. చరిత్ర రాసేటప్పుడు ఇది ఎంత మామూలుగా జరిగిపోతుందో మనకి తెలుసు.

తండ్రీకొడుకుల యుద్ధం మనకీ ఉంది. అశ్వమేధపర్వంలో బభ్రువాహనుడి బాణానికి అర్జునుడు పడిపోతాడు. కానీ ఆ యుద్ధభూమిలో ఇద్దరు స్త్రీలున్నారు. ఉలూపి కొడుకుని యుద్ధానికి పురిగొల్పుతుంది, మణితో భర్తని బతికిస్తుంది. చిత్రాంగద ఏడుస్తుంది, నిలదీస్తుంది. అక్కడ పితృస్వామ్యం లేదని కాదు. ఆ కథకి స్త్రీలు లేకపోతే ముగింపు లేదు. హిల్డెబ్రాండ్ కథకి కూడా అలాంటి ముగింపు దొరక్కపోలేదు. 15వ శతాబ్దం నుంచి జర్మనీలో తిరిగిన తర్వాతి పాటలో తండ్రీకొడుకులు రాజీపడతారు. వంశం చెప్పమంటే, ఆ కొడుకు ముందు తల్లి పేరు చెప్తాడు. ఆమె ఊటె. తండ్రి పేరు ఆ తర్వాతే.

మెన్హిర్ ఎంచుకున్నది ఆ పాట కాదు, 9వ శతాబ్దపు పాట. రెండు భాగాలుగా, పాత హై జర్మన్ భాషలోనే పాడారు. గంభీరమైన మగ గొంతు జపంలా సాగుతుంటే, మధ్యలో కరకు అరుపులు విరుచుకుపడతాయి. వినడానికి బాగుంటుంది, ఆ మాట దాచను. ప్రాసాక్షరాల మీద పడే ఆ పాత పద్యపు దెబ్బ గిటార్ల మీద నిజంగానే బతుకుతుంది. ఏ తరగతి గదిలోనూ నాకు వినబడని లయ అందులో వినబడింది. అయితే ఆమె వాక్యం వచ్చేసరికి కూడా అదే గొంతు, అదే వేగం. ఆగదు, వెనక్కి చూడదు.

హిల్డెబ్రాండ్ ఎవరి కోసం భార్యని వదిలాడో ఆ డీట్రిక్, చరిత్రలో గోథుల రాజు థియోడోరిక్. అతని మేనకోడలు అమలబెర్గా థురింగియాకి రాణి. ఆమె కొడుకే రాడెగుండ్ బెంగపెట్టుకున్న అమలాఫ్రిడ్. 'థురింగియా' నుంచి 'హిల్డెబ్రాండ్స్‌లీడ్' దాకా ఎనిమిదేళ్ల దూరం. ఆ రెండు పేర్లనీ కలిపే దారి మేనకోడళ్లూ తల్లులూ ఉన్న ఇళ్లలోంచే పోతుంది. ఊటె ఉన్న పాటలో కొడుకు ఆ కొత్త ముసలాణ్ణి ఇంటికి తీసుకొచ్చి బల్ల దగ్గర పెద్దపీట వేస్తాడు. ఊటెకి నచ్చదు. బందీకి ఇంత మర్యాద ఎందుకని కొడుకుని నిలదీస్తుంది. ఆ మాటని గిటార్ల హోరు మీద ఒక ఆడగొంతు అరిస్తే ఎలా ఉంటుందో వినాలని ఉంది.