తక్కువ లోతు తెరచాప పడవ

తక్కువ లోతు తెరచాప పడవ అనగా లోతు లేని ఉప్పుటేర్లలోను, చిన్న రేవులలోను తిరుగుటకు అనువుగా నిర్మించిన చిన్న విహార నౌక. ఇందులో ఇద్దరు ముగ్గురు పడుకొనుటకు చాలినంత గది ఉంటుంది. పడవ అడుగు నీటిలోకి దిగే కొలతను మునుగులోతు అంటారు. ఇంతే పొడవు గల సాధారణ తెరచాప పడవలకు ఇది మీటరు దాటవచ్చును. ఈ రకం పడవలకు అర మీటరు నీరు కూడా చాలును. ఇంగ్లాండు తూర్పు తీరంలోని ఎసెక్స్, సఫోక్ కౌంటీలలో ఇవి బాగా ప్రసిద్ధి. సముద్రపు పోటుతో నిండి ఆటుతో ఖాళీ అయ్యే పాయలు అక్కడ అనేకం కలవు. ఆంధ్ర తీరంలో కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు పేరే ఇటువంటి పాయల స్వభావాన్ని తెలుపుతుంది.

చరిత్ర

థేమ్స్ నదీముఖంలో సరుకులు మోసిన చదునైన అడుగు గల బార్జీలు ఈ పడవలకు పూర్వీకులని చెప్పవచ్చును. రచయిత ఎర్స్కిన్ చైల్డర్స్ 1897లో ‘విక్సెన్’ అనే పడవలో జర్మనీ దేశపు ఫ్రీసియన్ దీవుల ఇసుక మేటల మధ్య తిరిగాడు. అది పాత ప్రాణరక్షక పడవను మార్చి చేసినది. ఆ అనుభవమే 1903లో వెలువడిన ‘ది రిడిల్ ఆఫ్ ది శాండ్స్’ నవలకు ఆధారమైనది. యాటింగ్ మంత్లీ పత్రికకు 1927 నుండి 1967 వరకు సంపాదకుడైన మారిస్ గ్రిఫిత్స్ ఈ విహారానికి ప్రచారం కల్పించినవారిలో ముఖ్యుడు. సామాన్యులు ఇంటివద్దనే ప్లైవుడ్‌తో కట్టుకొనుటకు వీలుగా 1950లలో ‘ఈవెన్‌టైడ్’ పడవను రూపొందించినది కూడా ఈయనే. 1979లో రోజర్ డాంగ్రే రూపకల్పన చేసిన కార్నిష్ ష్రింపర్ 19 ఫైబర్‌గ్లాసుతో తయారై వెయ్యికి పైగా అమ్ముడుపోయినది. పలక ఎత్తినప్పుడు దీని మునుగులోతు సుమారు 46 సెంటీమీటర్లు, దించినప్పుడు సుమారు 1.2 మీటర్లు.

నిర్మాణం

గాలికి ఎదురుగా వెళ్ళునప్పుడు పడవ పక్కకు జారకుండా నీటిలో ఏదో ఒక అడ్డు ఉండవలెను. అది శాశ్వతంగా లోతుగా ఉంటే పడవ ఉప్పుటేరులోకి రాలేదు. అందుచేత కొన్నింటికి మధ్యలో ఒక పెట్టె అమర్చి, అందులోకి ఎత్తగల ఇనుప పలకను ఉంచుతారు. కొన్నింటికి అడుగున ఇరువైపులా రెండు పొట్టి రెక్కలుంటాయి. రెక్కల పడవ నీరు తీసినప్పుడు బురదపై నిటారుగా నిలుచును, కాని గాలికి ఎదురు నడకలో కొంత వెనుకబడును. పలక పడవ నడక మెరుగు, అయితే దాని పెట్టె ఇరుకైన గదిలో చాలా చోటు ఆక్రమిస్తుంది. పెట్టెలో గులకరాళ్ళు, బురద ఇరుక్కొని పలక దిగకపోవుట సర్వసాధారణమైన ఇబ్బంది. పలకను ఎత్తే తీగ, అది తిరిగే ఇరుసు ఉప్పునీటిలో అరిగిపోతాయి. ఏటా పడవను ఒడ్డుకు తీసి వీటిని పరీక్షించవలెను. పాత పడవ కొనేవారు రంగుల కంటే ముందు చూడవలసినది ఇదే.

నిర్వహణ

నీరు తీసినప్పుడు నేలపై నిలిచే లంగరు స్థలానికి అద్దె లోతైన రేవులకంటే సాధారణంగా తక్కువ. ఆటు సమయంలో అడుగు గీకి నాచు, నత్తగుల్లలు తొలగించుకొనవచ్చును. శీతాకాలంలో ట్రైలరుపై ఇంటికి తెచ్చుకొనవచ్చును కూడా. ష్రింపర్ వంటి పడవ బరువు ఒక టన్ను దాటును గనుక దానిని లాగుటకు తగిన కారు అవసరం.

ప్రమాదాలు

ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల తరువాత వచ్చే పెద్ద పోట్లలో నీటిమట్టం చాలాచోట్ల 4 మీటర్లకు పైగా మారును. పోటు వచ్చునప్పుడు మేట తగిలితే కొంతసేపటికి పడవ తానే తేలును. ఆటు మొదలైన వెంటనే తగిలితే దాదాపు 12 గంటలు నిరీక్షించవలసి రావచ్చును. పెద్ద పోటు శిఖరాన తగిలినచో, తరువాతి పోట్లు దినదినము తగ్గుచుండుటవలన సుమారు రెండు వారాలు అక్కడే చిక్కుకొనే అవకాశం కలదు. పాయ అంచున ఆగిన పడవ లోతు వైపుకు ఒరిగితే, పోటు తిరిగి వచ్చునప్పుడు అది లేవకముందే నీరు లోపలికి చొరబడవచ్చును. అందుచే ముందుగానే బరువును గట్టు వైపుకు చేర్చి అటే ఒరుగునట్లు చూస్తారు. బురదపై నడిచి ఒడ్డు చేరబోవుట మిక్కిలి ప్రమాదకరం.

డెబెన్, ఓర్ నదుల మొగలలో గులకరాళ్ళ మేటలు స్థానం మారుతుంటాయి గనుక పాత పటాన్ని నమ్మరాదు. ఆటుకు ఎదురుగా గాలి వీచినప్పుడు అక్కడ నిటారైన అలలు లేస్తాయి. తక్కువ లోతు పడవలో బరువు అంత కిందికి ఉండదు కాబట్టి బాగా ఒరిగినప్పుడు లోతైన కీల్ గల పడవవలె త్వరగా లేవలేదు. తెరచాపను ముందుగానే కుదించుట అవసరం. లంగరు వేయునప్పుడు గొలుసు పొడవును అప్పటి లోతునుబట్టి కాక, రాబోయే పోటు లోతుకు కనీసం నాలుగు రెట్లుగా లెక్కించవలెను. లోతు కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చినా, గుర్తులు వేసిన గడను వెంట ఉంచుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. అర మీటరు నీటిలో పరికరం చెప్పలేని బురద మెత్తదనాన్ని గడ చెప్పును.