మైనస్ ఎఫ్ ఆఫ్ జీరో

ఇంజనీరింగ్‌లో లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ చదివిన వాళ్లకి ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఒక పట్టిక గుర్తుంటుంది. ఎడమవైపు 'టి'లో ఫంక్షన్లు, కుడివైపు 'ఎస్'లో వాటి మారు రూపాలు. మా లెక్చరర్ ఆ పట్టికని బోర్డు మీద వేసి, ఇది నోటికొస్తే మార్కులు మీవే అన్నారు. ఎందుకలా వస్తుందని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగితే, ప్రూఫ్ పరీక్షలో రాదులే అన్నారు.

పట్టిక నాకు నోటికొచ్చింది. మార్కులు రాలేదు. పరీక్షలో డెరివేటివ్ కనిపించిన చోటల్లా 'ఎస్' పెట్టి గుణించేశాను. దాని పక్కన ఉండాల్సిన 'మైనస్ ఎఫ్ ఆఫ్ జీరో' మర్చిపోయాను. జవాబు సున్నా వచ్చింది. అనుమానం రావాలి కదా? రాలేదు. కింద రెండు గీతలు కొట్టి పేజీ తిప్పేశాను.

ఆ తప్పుకి ఒక చరిత్ర ఉందని పదిహేనేళ్ల తర్వాత, ఆలివర్ హెవిసైడ్ గురించి చదువుతున్నప్పుడు తెలిసింది.

*

ముందు పేరు సంగతి. పియెర్ సిమోన్ లాప్లాస్ (1749–1827) ఇలాంటి ఇంటిగ్రల్స్‌ని వాడిన మాట నిజమే. కానీ ఆయన ధ్యాస సంభావ్యత మీద, చాలా పెద్ద సంఖ్యలతో వచ్చే సూత్రాలకి దగ్గరి విలువలు కట్టడం మీద. కరెంటు సర్క్యూట్లతో ఆయనకి పనిలేదు. మనం క్లాసులో నేర్చుకున్న పద్ధతి, అంటే డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని మామూలు ఆల్జీబ్రాగా మార్చి, లెక్క చేసి, మళ్లీ వెనక్కి తిప్పుకోవడం, ఇంజనీర్ల చేతికి వచ్చింది ప్రధానంగా హెవిసైడ్ వల్ల. పట్టిక మీద ఆయన పేరు లేదు.

హెవిసైడ్ 1850లో లండన్‌లో పేద కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి దెబ్బతింది. పదహారేళ్లకి బడి మానేశాడు. టెలిగ్రాఫ్ కంపెనీలో చేరి డెన్మార్క్‌లోనూ, న్యూకాజిల్‌లోనూ పనిచేశాడు. 1874లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆ ఉద్యోగమూ వదిలేసి అమ్మానాన్నల ఇంటికి వచ్చేశాడు. మళ్లీ జీవితంలో ఉద్యోగం చేయలేదు. అప్పటికి ఏడాది కిందటే వెలువడిన మాక్స్‌వెల్ గ్రంథాన్ని ముందేసుకుని, తనంతట తానే చదువుకున్నాడు. మనం ఇవాళ మాక్స్‌వెల్ సమీకరణాలు అని నాలుగు లైన్లలో రాసుకునే రూపం చాలావరకు ఆయన చేతిదే.

ఆయన ముందున్న సమస్య కాగితం మీద పుట్టింది కాదు. సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్‌లో ఈ చివర స్పష్టంగా పంపిన సంకేతం ఆ చివరికి అలుక్కుపోయి చేరేది. స్విచ్ వేసిన క్షణం నుంచి కరెంటు ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది అనేది లెక్క కట్టాలి. ఫోరియర్ పద్ధతిలో కట్టొచ్చు గానీ పేజీలకి పేజీలు పడుతుంది. హెవిసైడ్ ఒక అడ్డదారి తొక్కాడు. 'కాలంతో పాటు మారే రేటు' అనే క్రియకి 'పి' అని ఒక అక్షరం పెట్టి, దాన్ని మామూలు సంఖ్యలా వాడేశాడు. పి తో గుణిస్తే డిఫరెన్షియేషన్, పి తో భాగిస్తే ఇంటిగ్రేషన్. క్రియని పట్టుకుని భాగహారం చేయడమేంటని అడిగేవాళ్లకి ఆయన దగ్గర ఉన్న సమాధానం ఒకటే: జవాబు సరిగ్గా వస్తోంది కదా.

అక్కడితో ఆగితే బావుండేదేమో. కేబుల్ లెక్కలో 'పి'కి వర్గమూలం వచ్చింది. డిఫరెన్షియేషన్ ఒకసారి చేయొచ్చు, రెండుసార్లు చేయొచ్చు, సగం సారి చేయడమేంటి? హెవిసైడ్ వెనకాడలేదు. సున్నా దగ్గర ఉన్నట్టుండి ఒకటికి లేచి అక్కడే నిలబడే ఫంక్షన్ (ఇవాళ దానికి ఆయన పేరే ఉంది) మీద ఈ సగం డిఫరెన్షియేషన్ చేస్తే, 'పై'ని 'టి'తో గుణించి, వర్గమూలం తీసి, దానితో ఒకటిని భాగిస్తే వచ్చే విలువ వస్తుందన్నాడు. ఫోరియర్ దారిలో చెమటోడ్చి తెచ్చే జవాబూ అదే.

1891లో రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. ఈ పద్ధతి మీద ఆయన రాసిన వ్యాసం మొదటి రెండు భాగాలు 1893లో సొసైటీ పత్రికలో వచ్చాయి. 1894లో మూడో భాగం పంపితే తిరిగొచ్చింది. దాన్ని పరిశీలించినవాడు విలియం బర్న్‌సైడ్, తర్వాతి కాలంలో గ్రూప్ థియరీలో గొప్ప పేరు తెచ్చుకున్న గణితవేత్త.

ఈ కథని చాలామంది చెప్పే తీరు మీకు తెలిసే ఉంటుంది. ఒకవైపు చదువుకోని మేధావి, ఇంకోవైపు డిగ్రీల గర్వం. నాకూ మొదట అలానే నచ్చింది. తెలుగు సాహిత్యంలో ఒక్క డిగ్రీ కూడా లేకుండా ఇలాంటి పత్రికల్లో వ్యాసాలు రాసే నాలాంటివాడు ఎవరి పక్షాన ఉంటాడో చెప్పాలా! కానీ బర్న్‌సైడ్ అభ్యంతరం గర్వం మాత్రమే కాదు. హెవిసైడ్ ఆ వ్యాసాల్లో డైవర్జెంట్ సిరీస్‌ని, అంటే కూడేకొద్దీ ఒక విలువకి చేరకుండా చేయి దాటిపోయే శ్రేణుల్ని, అవసరమైనంత మేర వాడుకుని మిగతాది వదిలేశాడు. ఎక్కడ ఆపాలి, ఎందుకు ఆపాలి? స్పష్టమైన నియమం లేదు. ఆయన చేతిలో పనిచేసే పద్ధతి ఇంకొకరి చేతిలో పనిచేస్తుందన్న హామీ లేదు.

*

ఆ హామీని ఇచ్చేదే ప్రూఫ్. మనం పరీక్షలో రాదనుకున్నది. నిజానికి అది నాలుగు లైన్లే.

ఒక ఫంక్షన్‌ని తీసుకుని, కాలంతో పాటు తరిగిపోయే ఎక్స్‌పొనెన్షియల్‌తో (ఈ పవర్ మైనస్ ఎస్‌టి) గుణించి, సున్నా నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేస్తే వచ్చేది దాని లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్. చిన్న ఎఫ్ నుంచి వచ్చినదాన్ని పెద్ద ఎఫ్ అందాం. ఇప్పుడు ఎఫ్ బదులు దాని డెరివేటివ్‌ని పెడితే ఏమొస్తుంది? ఇంటర్‌లో నేర్చుకున్న ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ చాలు. డెరివేటివ్ భారం ఎఫ్ మీద నుంచి ఎక్స్‌పొనెన్షియల్ మీదకి జరుగుతుంది. అక్కడ మైనస్ ఎస్ బయటికొస్తుంది, ఫార్ములాలో ఉన్న మైనస్‌తో కలిసి ప్లస్ అవుతుంది. అలా 'ఎస్ ఇంటూ పెద్ద ఎఫ్' తయారైంది. మిగిలింది రెండు కొసల లెక్క. అనంతం కొసన, ఎఫ్ మరీ విపరీతంగా పెరిగేది కాకపోతే, ఎక్స్‌పొనెన్షియల్ దాన్ని అణిచేసి సున్నా చేస్తుంది. సున్నా కొసన ఎక్స్‌పొనెన్షియల్ విలువ ఒకటి కాబట్టి అక్కడ ఎఫ్ తొలి విలువ అలాగే నిలిచిపోతుంది. కింది కొస కాబట్టి మైనస్‌తో.

అంటే డెరివేటివ్‌కి ట్రాన్స్‌ఫార్మ్: ఎస్ ఇంటూ పెద్ద ఎఫ్, మైనస్ ఎఫ్ ఆఫ్ జీరో.

ఇప్పుడు ఒక కెపాసిటర్ తీసుకోండి. పది మైక్రోఫారడ్‌లు. పది వోల్టుల దాకా చార్జ్ చేసి, ఒక మెగా ఓమ్ రెసిస్టర్ మీదుగా ఖాళీ కానివ్వండి. రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ గుణిస్తే పది సెకన్లు. సమీకరణం చిన్నది: వోల్టేజి మారే రేటుని పదితో గుణించి, దానికి వోల్టేజిని కలిపితే సున్నా. డెరివేటివ్ చోట పి పెట్టి ఊరుకుంటే, ఏదో ఒకటి ఇంటూ వోల్టేజి ఈజీక్వల్టు సున్నా అని తేలుతుంది. కాబట్టి వోల్టేజి సున్నా. నా పరీక్ష పేపర్లో వచ్చిన సున్నా ఇదే. మైనస్ ఎఫ్ ఆఫ్ జీరోతో చేస్తే ఆ పది వోల్టులు లెక్కలోకి వస్తాయి. పట్టిక చూసి వెనక్కి తిప్పుకుంటే, పది సెకన్లకి 3.68 వోల్టులు, ఇరవై సెకన్లకి 1.35. నిజం కెపాసిటర్‌కి మల్టీమీటర్ పెట్టినా దాదాపు అంతే చూపిస్తుంది.

మరి హెవిసైడ్‌కి ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు? ఆయన లెక్కలు మామూలుగా అంతా నిశ్శబ్దంగా ఉన్న చోట మొదలవుతాయి. కేబుల్ ఖాళీగా ఉంది, అప్పుడు స్విచ్ వేశాం. తొలి విలువ సున్నా అయినప్పుడు 'పి'కీ 'ఎస్'కీ తేడా లేదు. అప్పటికే లోపల ఏదైనా ఉంటే దాన్ని విడిగా తెచ్చి కలుపుకోవాలి. ఇంటిగ్రల్ దారిలో అయితే అది దానంతటదే వచ్చి కూచుంటుంది. ప్రూఫ్ అంటే పాత జవాబు మీద వేసే ముద్ర అనుకునేవాణ్ణి. ఇక్కడ అది, చిట్కా ఒక్కటే చూస్తే కనబడని ఒక పదాన్ని బయటికి తీసింది.

ఆ దారి పడటానికి చాలా ఏళ్లు పట్టింది. 1916లో కేంబ్రిడ్జ్ గణితవేత్త బ్రామ్‌విచ్, హెవిసైడ్ పద్ధతిని కాంప్లెక్స్ ఇంటిగ్రల్స్‌గా అర్థం చేసుకోవచ్చని చూపించాడు. అమెరికాలో టెలిఫోన్ ఇంజనీరు జాన్ కార్సన్ దాన్ని లాప్లాస్ తరహా ఇంటిగ్రల్‌తో ముడిపెట్టి 1926లో పుస్తకం తెచ్చాడు. 1937లో జర్మనీలో గుస్టావ్ డోచ్ రాసిన గ్రంథంతో లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ ఒక పూర్తి సిద్ధాంతంగా నిలబడింది. ఈ దారి పూర్తిగా పడటం హెవిసైడ్ చూడలేదు. 1896లో ప్రభుత్వం ఇచ్చిన ఏడాదికి 120 పౌండ్ల పెన్షన్ ఆసరాగా బతికి, 1925 ఫిబ్రవరిలో టార్కీలో పోయాడు. మూడేళ్ల తర్వాత విటేకర్ అనే గణితవేత్త, పందొమ్మిదో శతాబ్దపు చివరి పాతికేళ్లలో గణితంలో వచ్చిన మూడు ముఖ్యమైన ముందడుగుల్లో హెవిసైడ్ పద్ధతి ఒకటని రాశాడు.

*

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, పోయినేడాది ఆఫీసులో ఒక జూనియర్ కుర్రాడి కోడ్ రివ్యూకి వచ్చింది. టెస్టులన్నీ పాసవుతున్నాయి. మధ్యలో ఒక లైన్ ఎందుకుందో నాకు అర్థం కాలేదు. అడిగాను. "తీసేస్తే ఆగిపోతోంది అన్నా, ఉంచితే పనిచేస్తోంది" అన్నాడు. రిజెక్ట్ కొట్టాను. ఇంటికి వెళ్లే దారిలో నేను చేసింది సరైన పనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ రాత్రి బర్న్‌సైడ్ గుర్తొచ్చాడు. ప్రూఫ్ అడగడం ఆయన తప్పు కాదు. ఆ వ్యాసం వెనక్కి వెళ్లాక, ప్రూఫ్ వెతికే పనికి బ్రామ్‌విచ్ లాంటివాడు పూనుకోవడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. నేను మాత్రం? అర్థం కాలేదని వెనక్కి పంపి, భోంచేసి పడుకోబోతున్నాను.

మర్నాడు వాడి డెస్క్ పక్కన కుర్చీ లాక్కుని కూచున్నాను. మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ లైన్ ఒక వేరియబుల్‌ని మొదట్లోనే సున్నా చేస్తోంది. సర్వీస్ కొత్తగా మొదలైతే సమస్య లేదు. మధ్యలో ఆగి మళ్లీ లేచినప్పుడు మాత్రం, అప్పటిదాకా ఉన్న లెక్క తుడిచిపెట్టుకుపోతుంది. మా టెస్టులన్నీ ఖాళీ స్థితి నుంచే మొదలవుతున్నాయి, అందుకే పాసయ్యాయి.

"అంటే ముందున్నది మర్చిపోతున్నానా అన్నా?" అన్నాడు.

నోట్‌బుక్ తెరిచి ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ మొదటి లైన్ రాశాను. నన్ను వింతగా చూశాడు గానీ, నాలుగో లైన్ వాడే పూర్తి చేశాడు.