కడప, కర్నూలు రాతిపొరల వరుస

ఇండ్ల అరుగులమీదను, గుమ్మముల ముందరను పరచు నల్లని పలకబండను కడపరాయి యనుట వాడుక. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని నార్జి సున్నపురాయి యని పేర్కొని, కర్నూలు వర్గములో చేర్చుదురు. కడపరాయి కర్నూలు వర్గములోని దెట్లయ్యెను? ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద చరిత్ర కలదు.

ఉత్తరమున కృష్ణాతీరము మొదలు దక్షిణమున తిరుపతి, నగరి కొండలవరకు నెలవంకవలె సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల శిలాప్రదేశము వ్యాపించియున్నది. అతిప్రాచీనకాలమున ఇది లోతులేని సముద్రముతో నిండిన పల్లము. ఏరులు తెచ్చిన ఇసుకయు, ఒండ్రును, నీటిలో పేరుకొన్న సున్నమును పొరలుగా దిగి, పైబరువుచే అదిమిపడి రాయి యయ్యెను. ఆ పొరలు వానికంటె పురాతనమైన నల్లరాతిమీద కూర్చున్న చోటు తిరుమల కనుమదారిలో నేటికిని కంటికి కనబడును.

ఈ పొరలకు వరుస కట్టినవారిలో ముఖ్యుడు విలియం కింగు. భారత భూగర్భ పరిశీలనశాఖలో పనిచేసిన ఈయన తన గ్రంథమును 1872లో ప్రకటించెను. ఇతరదేశములలో రాతిలో నిలిచిన గవ్వలను, ఎముకలను చూచి పొరల వయస్సు పోల్చుదురు. ఇచ్చటి పొరలు అట్టి ప్రాణులు పుట్టుటకు పూర్వపువి. వేంపల్లె సున్నపురాతిలో సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన గుర్తులు మాత్రమే కలవు. పోనీ, రంగు చూచి పోల్చుదమన్న, రంగు మోసగించును. నగరి కొండలలోను, పాణ్యము గట్లలోను తెల్లని ఇసుకరాయి యున్నది. కాని అవి రెండును ఒకే కాలమువి కావు.

కావున కింగు ప్రతిచోటను ఏది క్రింద, ఏది పైన యని పరికించెను. క్రిందివానిని పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ యని నాలుగుగా విభజించి కడప వర్గమనెను. పైవానికి బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేరు అను పేర్లిడి కర్నూలు వర్గమనెను. అన్నియు మన ఏరుల, కొండల, ఊళ్ల పేర్లే!

రెండు వర్గము లేల? కడప పొరలు వంగి, పైకి లేచి, చిరకాలము వానకు గాలికి అరిగిపోయినవి. తరువాత వచ్చిన కర్నూలు పొరలు ఆ అరిగిన అంచులమీద పరచుకొన్నవి. కొన్నియెడల ఏకముగా నల్లరాతిమీదనే కూర్చున్నవి. బనగానపల్లె కంకరపొరలో కడప రాళ్ల ముక్కలు కానవచ్చును. పాతగోడ రాళ్లు కొత్తగోడలో కనబడినచో ఏది ముందు కట్టినదో చెప్పనక్కరలేదు గదా! పూర్వము వజ్రములకై గోతులు త్రవ్వినది ఈ కంకరపొరలోనే. పొర నెరుగక త్రవ్వినవాని శ్రమ మట్టిపాలు.

పిమ్మటి పరిశోధకులు ఈ వరుసకు మెరుగులు దిద్దిరి. పులివెందుల యొద్ద చెయ్యేరు పొరలలోనికి చొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరములని తేలినది. అది చొచ్చిన పొరలు అంతకంటె పాతవి. తూర్పున నల్లమల పొరలు మడతలుపడి, కొన్నిచోట్ల తమకంటె చిన్నవైన కర్నూలు పొరలమీదికి నెట్టబడినవనియు కనుగొనిరి. శ్రీశైలపు రాతికి స్థానమేదను చర్చ ఇంకను తెగలేదు.

కావున పైనున్నదెల్ల కొత్తది కాదు. ఒకే రంగుదెల్ల ఒకటి కాదు. బేరమునకు కడపరాయి యను పేరు చాలును. పుట్టుక తెలియుటకు మాత్రము దాని క్రింది పొరను, పై పొరను, నడుమ తెగిన కాలమును అడుగవలెను.