తోట యిచ్చుటయు తలుపు తెఱచుటయు

మన పూర్వులు పుణ్యకార్యములను లెక్కించునపుడు సప్తసంతానములను పేర్కొనిరి. కన్నకొడుకుతోపాటు చెఱువును, గుడిని, కావ్యమును, వనమును గూడ సంతానముగానే యెంచిరి. ఈ మాటయందు గొప్ప లోకజ్ఞానము గలదు. బిడ్డను కనుటతో తండ్రిపని తీఱదు, పెంచవలయును. వనము సంగతియు నట్టిదే. నేలను దాన మిచ్చుట యొక పని. ఆ నేలపై పెరిగిన చెట్టు నీడ యెవరికి, ఏ దినమున, ఏ వెలకు దక్కునో నిర్ణయించుట మఱియొక పని. ఈ రెంటికిని నడుమ నెంత యెడము గలదో తెలిసికొనుటకు ఇంగ్లండు దేశమందలి డెర్బీ పట్టణపు తోట చరిత్రము మిక్కిలి యుపకరించును.

యంత్రములు వచ్చినపిదప ఆ దేశమున పల్లెజనులు గుంపులుగా మిల్లుల పట్టణములకు చేరిరి. ఊరుమ్మడి బీళ్లు పెక్కు కంచెలపాలయ్యెను. ఇండ్లు ఇఱుకు, వీధులు ఇఱుకు. పనిలేని పూట కాలు సాచి నడచుటకు చోటు లేదు. పట్టణములలో శ్రామికులకు తగిన బహిరంగస్థలములు లేవని 1833లో పార్లమెంటు ఉపసంఘము నివేదించెను. ఆ సంవత్సరాంతముననే డెర్బీలో పట్టుమిల్లుల యజమానులు, సంఘములలో చేరిన కార్మికులకు పని నిరాకరించిరి. ఆ కలహము 1834 వసంతము వఱకు సాగి కార్మికుల యోటమితో ముగిసెను. ఆ తోట పుట్టినది ఇట్టి యూరిలోనే.

దాత జోసెఫ్ స్ట్రట్టు. 1765లో జన్మించిన యీతడు ప్రత్తిమిల్లులచే ధనవంతమైన కుటుంబమువాడు. ఇతని తండ్రి జెడడయా స్ట్రట్టు, నూలు యంత్రములకు ప్రసిద్ధుడైన ఆర్క్‌రైటుతో భాగస్వామిగా నుండెను. 1835లో పురపాలక సంస్థలు సంస్కరింపబడిన తరువాత డెర్బీకి మొదటి మేయరు జోసెఫ్ స్ట్రట్టే. అతడు 11 ఎకరముల తోటను సిద్ధము చేయించి 1840లో పురపాలక సంఘమునకు సమర్పించెను. తన సంపద యెవరి శ్రమవలన కూడినదో వారి మేలుకొఱకు అందు కొంత వెచ్చింపకుండుట కృతఘ్నత యగునని యతని భావము. ఇది గమనింపదగిన మాట. ధనికులు దానముచేసి దయాళువు లనిపించుకొనుట సామాన్యము. ఇతడు తన దానమును ఋణము తీర్చుకొనుటగా చెప్పెను.

తోటను తీర్చినవాడు జాన్ క్లాడియస్ లౌడన్. వృక్షములను గూర్చి ఎనిమిది సంపుటముల గ్రంథమును 1838లో ముగించి అప్పులపాలైన పండితు డీతడు. చిన్నచోటును పెద్దదిగా తోపింపజేయుట కీతడు మంచి యుపాయము పన్నెను. బాటలనడుమ మనిషి యెత్తును మించిన మట్టిదిబ్బలు పోయించెను. అందుచే ఒక బాటను నడచువారికి వేఱొక బాటను నడచువారు కానరారు. తోట యెచట ముగియునో తెలియదు. సుమారు వేయిరకముల చెట్లును పొదలును నాటించి, వాని పేరును పుట్టినచోటును తెలియునట్లు పలకలు పెట్టించెను. బడి యెఱుగని కూలివాడు ఆదివారమున నడచుచు నడచుచునే కొంత నేర్చుకొనవలెనని యుద్దేశము. ద్వారమందిరములలో పొరుగూరివారు ఊరక కూర్చుండి తాము తెచ్చుకొన్న చలిది తినుటకు గదులను గూడ నేర్పఱచెను.

1840 సెప్టెంబరు 16వ తేదీన ఉత్సవములతో తోట తెఱవబడెను. దీనినే ఇంగ్లండులో తొలి ప్రజోద్యానముగా పలువురు చెప్పుదురు. కాని తలుపు సంగతి వేఱు. స్ట్రట్టు నేల నిచ్చెను, చెట్ల నిచ్చెను. వానిని శాశ్వతముగా పోషించుటకు వలసిన మూలధనము నియ్యలేదు. కావున వారమునకు రెండుదినములు మాత్రమే, ఆదివారమును బుధవారమును, ప్రవేశ ముచితము. తక్కిన యైదుదినములు రుసుము, పెద్దలకు ఆఱుపెన్నీలు. ఎవరి శ్రమకు ప్రతిఫలముగా తోట పుట్టెనో వారికి వారములో నైదుదినములు గడప కడ్డము! ఆదివారమును విడిచిపెట్టక యుంచుట దాత వివేకమే. కూలివానికి తీరిక యుండునది ఆ దినముననే గదా. ఐనను పనిలేక తిరుగువానికిని, బిడ్డ నెత్తుకొన్న తల్లికిని, ముదుసలికిని సోమవారమున నీడ యక్కఱలేదా? ఈ రుసుము 1882 వఱకు తొలగలేదు. నేల దానమైన పిదప తలుపు పూర్తిగా తెఱచుకొనుటకు నలువదిరెండేండ్లు పట్టినది. స్ట్రట్టు 1844లోనే గతించెను; ఆ దినమును చూడలేదు.

ఈ విషయమున మన రాయలసీమ చెఱువుల చరిత్రము తలంపునకు వచ్చుచున్నది. అచట చెఱువు త్రవ్వించినవారికిని, దానిని బాగుచేయుచుండువారికిని దశబంధ మాన్యములను భూము లిచ్చుచుండిరి. గండి పడినపుడు పూడ్చుట యెవరి పనియో, దాని ఫలమెచటినుండి వచ్చునో మొదటనే నిర్ణయమై యుండెడిది. మాన్యము నిలిచి పని నిలువనిచోట చెఱువు పూడిపోయినది. నీటికైనను నీడకైనను నియమ మొక్కటే: దానపత్రమున పోషణ వ్రాయనిచో దాని ఖర్చు తుదకు బీదవాని నెత్తిపై బడును, లేదా ఆస్తియే పాడగును.

నేడు డెర్బీతోటకు వెళ్లువారు రుసుము లేకయే లోనికి పోవచ్చును. లౌడను దిబ్బలు ఇంకను కొంత కానవచ్చును. స్ట్రట్టు తోటనుండి వచ్చిన అడవిపంది విగ్రహము తల 1941లో జర్మనుల బాంబుచే తెగిపోయెను. 2005లో కొత్తవిగ్రహము నిలిపిరి. నూఱేండ్లు దాటిన తోటకు ఇట్టి గాయము లెన్ని తగులునో! ప్రతిమాఱును ఎవరో యొకరు వచ్చి పూనుకొనవలసినదే.

తల్లిదండ్రుల పేర వీధికొక తోట యియ్యదలచిన పుణ్యాత్ములు మనలోను గలరు. వారు శిలాఫలకము చెక్కించుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొందురు గాక: నీరు పోయువాని జీత మెచటినుండి వచ్చును? తలుపు ఏ దినమున ఎవరికి మూయబడును? దానిపై ఊరివారు వేసికొనవలసిన ప్రశ్నయు నొకటి గలదు. దాత సగముపని చేసెను. తక్కిన సగము మనది కాదా?